బావమరిదికో బ్యాట్: రెండు క్లెఫ్టులు, మూడు పిడులు, 59 గంటలు

ఇంట్లో క్రికెట్ బ్యాట్ చేయడం నేను మొదలుపెట్టేటప్పుడు "విల్లో చెక్క కొను, చెక్కు, నూనె పుయ్యి" అని చెప్పినవాళ్లు చాలామంది. ఏ దశలో ఏది పాడవుతుందో చెప్పినవాళ్లు మాత్రం దొరకలేదు. అందుకే నేను పాడుచేసినవన్నీ వరసగా ఇక్కడ పెడుతున్నాను. కొలతలు వెర్నియర్‌తో తీసినవి. బరువులు వంటింటి వెయింగ్ మిషన్ మీద చూసినవి, ఒక గ్రాము అటూ ఇటూ. పని జరిగింది బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా అద్దె ఇంటి మిద్దె మీద, కె.ఆర్.పురంలో ఒక ఆచారి గారి షెడ్డులో. ఫిబ్రవరిలో మొదలుపెడితే జూన్‌లో తెమిలింది.

దశ 0: ఎలాంటి బ్యాట్ కావాలి

బావమరిది ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. షాపులో దొరికే షార్ట్ హ్యాండిల్ (పెద్దల మామూలు సైజు) బ్యాట్ అతనికి కాస్త పొడవు. దానికంటే చిన్నదైన హారో సైజు కొలత సరిపోతుంది గాని, ఎదిగే పిల్లల కోసం చేసింది కాబట్టి బ్లేడు పలచన. వీకెండ్ లీగ్‌లో సర్జాపుర వైపు మ్యాట్ వికెట్ మీద లెదర్ బంతితో ఆడతాడు. మ్యాట్ మీద బంతి మోకాలు దాటి లేస్తుంది. అందుకని బ్యాట్ కండ (మందమైన భాగం) మరీ కిందికి ఉండకూడదు.

రాసిపెట్టుకున్న లెక్క ఇది:

1. మొత్తం పొడవు 84.5 సెం.మీ. (పిడి 29, బ్లేడు 55.5).
2. గ్రిప్‌తో కలిపి బరువు 1,150 గ్రాములు.
3. ఎక్కువ మందం టో (బ్యాట్ కింది కొస) నుంచి 24 సెం.మీ. దగ్గర.
4. టో బరువు 580 గ్రాముల లోపు.

నాలుగోదే నాకు ముఖ్యం. ఎవరైనా బ్యాట్ ఎత్తి చూసి "పికప్ బాగుంది" అంటారు, ఎత్తితే తేలిగ్గా ఉందని. ఆ బాగుండటాన్ని అంకెలో పెట్టకపోతే చెక్కేటప్పుడు ఎక్కడ ఆపాలో తెలియదు. కొలిచే పద్ధతి:

1. పిడి పైకొస నుంచి 15 సెం.మీ. దగ్గర గుర్తు పెట్టాలి.
2. ఆ గుర్తు కింద ఒక పెన్సిల్ అడ్డంగా పెట్టాలి. పెన్సిల్ కింద పుస్తకాలు పేర్చి మిషన్ ఎత్తుకు సమం చేయాలి.
3. టో కొసను మిషన్ మీద ఆనించి అంకె చదవాలి.

అతని పాత బ్యాట్ 1,180 గ్రాములుంది, టో బరువు 612. పుల్ షాట్‌కి లేటవుతున్నానని ఏడాదిగా గొణుగుతున్నాడు.

క్రికెట్ చట్టం ప్రకారం బ్యాట్ వెడల్పు 10.8 సెం.మీ., మందం 6.7, అంచు 4 సెం.మీ. దాటకూడదు. మందం, అంచు హద్దులు 2017 అక్టోబరులో వచ్చాయి. వెడల్పు హద్దు మాత్రం పాతది. 1771లో ఇంగ్లండులో థామస్ వైట్ అనే ఆయన దాదాపు వికెట్లంత వెడల్పున్న బ్యాట్ పట్టుకొచ్చాక పెట్టిన నాలుగుంపావు అంగుళాలే ఇప్పటికీ నడుస్తోంది. ప్లైవుడ్ ముక్కలో ఈ కొలతలతో ఒక గాడి కోయించి పెట్టుకున్నాను. బ్లేడు ఆ గాడిలోంచి దూరితే చట్టం ఒప్పుకున్నట్టే.

దశ 1: కొనుగోళ్లు, మొదటి తప్పు

క్లెఫ్ట్ అంటే విల్లో దుంగను చీల్చి ఆరబెట్టిన ముక్క. నేర్చుకోవడానికి ఒక కాశ్మీరు విల్లో, అసలు పనికి ఒక ఇంగ్లీష్ విల్లో తెప్పించాను. ఇంగ్లీష్‌లో అన్నిటికన్నా కింది గ్రేడ్ తీసుకున్నాను, ముఖం (బంతి తగిలే వైపు) మీద మచ్చలుంటే నష్టం లేదని. ముఖం మీద నిలువుగా ఏడు గీతలు లెక్కకొచ్చాయి. ఒక్కో గీత చెట్టు బతికిన ఒక్కో ఏడాది. కాశ్మీరుది బరువెక్కువ, గట్టిది. చేత్తో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది.

- కాశ్మీరు క్లెఫ్ట్: ₹700, 2,340 గ్రా.
- ఇంగ్లీష్ క్లెఫ్ట్: ₹5,200, 1,890 గ్రా., పొడవు 71 సెం.మీ.
- బెత్తం పిడులు రెండు: ₹900
- కొరియర్: ₹600
- పనిముట్లు: రెండు పిడుల కత్తి 850, స్పోక్‌షేవ్ 1,100, ముళ్ల ఆకురాయి 420, వెర్నియర్ 650, క్లాంపులు రెండు 600, తేమ కొలిచే మీటర్ 1,180

పిడి మాత్రం ఇంట్లో చేయబోకండి. బెత్తం బద్దల మధ్య రబ్బరు పట్టీలు పెట్టి అతికించడం వేరే విద్య.

క్లెఫ్ట్ కొసలకు మైనం పూసి వస్తుంది. నేను పొడవు సరిచేసే తొందరలో ఇంగ్లీష్ క్లెఫ్ట్ ఒక కొసను కోసి, మైనం లేని ఆ కొసను అలాగే వదిలేసి, మిద్దె మీద రేకు కింద పెట్టాను. అది మార్చి నెల. బెంగళూరు గాలిలో తడి అనేది లేని రోజులు. తొమ్మిదో రోజు చూస్తే కోసిన కొసలో 4 సెం.మీ. పగులు. మీటరు నడుమ 11 శాతం, ఆ కొసలో 7 శాతం చూపించింది. చెక్క పక్కలకంటే కొసల్లోంచి తొందరగా తేమ వదులుతుంది. కొస ఆరి ముడుచుకుంటే లోపలిది ముడుచుకోదు, దాంతో కొస చీలుతుంది. మైనం పూసేది ఇందుకే.

పగులు దాటి 5 సెం.మీ. కోసేశాను. అదృష్టం, పొడవు ఇంకా మిగిలే ఉంది. మిగతా క్లెఫ్టును మంచం కింద, కొసలకు కొవ్వొత్తి మైనం కరిగించి పూసి, నాలుగు వారాలు పడుకోబెట్టాను.

ఇప్పటిదాకా: ₹12,200. 4 గంటలు.

దశ 2: ప్రెస్ చేయడం

విల్లో మెత్తటి చెక్క. అలాగే ఆడితే బంతి పడిన ప్రతిచోటా గుంట పడుతుంది. అందుకే రోలరు కింద గట్టిగా నొక్కి ముఖం మీది పొరను బిగిస్తారు. తక్కువ నొక్కితే గుంటలు, ఎక్కువ నొక్కితే బంతి చచ్చుగా తగులుతుంది.

ఇంట్లో బెంచి వైస్‌తో నొక్కి చూశాను, కాశ్మీరు ముక్క మీద. వైస్ దవడ ఎంత వెడల్పో అంత వెడల్పు మెట్లు పడ్డాయి. వాటిని పోగొట్టడానికి ముఖం 3 మి.మీ. చిత్రిక పట్టాల్సొచ్చింది. తర్వాత బ్యాట్లు బాగుచేసే ఒక షాపులో ముక్కకు ₹300 ఇచ్చి నొక్కించాను. ఇంగ్లీష్ ముఖం 2 మి.మీ. దిగింది. వెళ్లేముందు రెండు పక్కలూ చిత్రిక పట్టి వెడల్పు 10.7కి తెచ్చాను, బరువు 1,400 అయింది. ప్రెస్ లేనివాళ్లు వైస్‌తో ప్రయత్నించవద్దు. ఆ 300 ఇచ్చేయండి.

ఇప్పటిదాకా: ₹12,800. 9 గంటలు.

దశ 3: అతుకు (ఎక్కువ ఏడిపించింది ఇదే)

బ్లేడు పైభాగంలో V ఆకారంలో గాడి కోస్తారు. పిడి కొస అదే ఆకారంలో దాంట్లో కూర్చుంటుంది. నేను పెట్టుకున్న లోతు 14 సెం.మీ., పైన వెడల్పు 38 మి.మీ. మేకు ఉండదు, స్క్రూ ఉండదు. బంతి దెబ్బంతా ఈ రెండు ఏటవాలు గోడలే మోయాలి.

కాశ్మీరు బ్యాట్‌కి రంపంతో V కోశాను. మొన మధ్యగీత నుంచి 1.5 మి.మీ. పక్కకు పోయింది. పెద్ద తేడా కాదనుకున్నాను. పిడి పెట్టి చూస్తే పైకొస దగ్గర పక్కకు 3 మి.మీ. ఒరిగింది. బ్యాట్ నిలబెట్టి చూస్తే తల వంచిన మనిషిలా ఉంది. దాన్ని సరిచేయబోయి ఒక గోడను ఎక్కువ తీసేశాను. సందు వచ్చింది. ఆ సందులో రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి కుక్కాను.

ఒక రోజు ఆరనిచ్చి, కొయ్య సుత్తితో ముఖం మీద కొడితే "టక్" అనాల్సింది "కిర్" అంది. పదో దెబ్బకు అతుకు పక్కన వెంట్రుకంత గీత కనిపించింది. పిడిని ఊడదీయబోతే బెత్తం బద్ద విరిగింది.

బ్యాట్ పట్టుకుని కె.ఆర్.పురం వెళ్లాను. ఆచారి గారిది మదనపల్లె దగ్గర ఊరు. తలుపులు, మంచాలు చేస్తారు. బ్యాట్ ఎప్పుడూ చేయలేదు. పొట్టు నింపిన అతుకును గోటితో గీరి చూశారు.

"ఏం నాయనా, సందు పూడిస్తే అతుకవుతుందా? ఇదేమన్నా మట్టి గోడనా?"

"చిన్న సందే కదా ఆచారి గారూ."

"నూలులో సగముంది. కొయ్యకు కొయ్య తగలాల. జిగురు ఉన్నట్టే తెలీకూడదు."

నూలంటే ఆయన లెక్కలో అంగుళంలో ఎనిమిదో వంతు. అందులో సగం, అంటే ఒకటిన్నర మి.మీ. వెర్నియర్ పెట్టి చూస్తే 1.4 వచ్చింది. ఆయన చూసింది ఉత్త కంటితో.

రెండు ఆదివారాలు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతి ఇది:

1. V గీతలు ముఖం మీదా, వెన్ను (బ్యాట్ వెనక మిట్ట) వైపూ రెండు పక్కలా గీయాలి. ఒక పక్కే గీస్తే రంపం రెండో పక్క ఎటుపోతుందో తెలియదు.
2. గీతకు 1 మి.మీ. లోపలే రంపం ఆపాలి. మిగతాది ఉలి పని.
3. పిడి V గోడలకు రంగు పొడి రాసి గాడిలో నెట్టి తీయాలి. బ్లేడులో రంగు అంటినచోట మిట్ట ఉన్నట్టు. అక్కడ మాత్రమే ఉలితో గీరాలి.
4. మళ్లీ రాయాలి, నెట్టాలి, గీరాలి. రంగు రెండు గోడలకూ అంతటా సమంగా అంటేదాకా ఇదే.

మొదట ఆయన దగ్గరున్న జాజు వాడాం. ఎర్రరంగు విల్లో నరాల్లోకి (చెక్కలోని నార గీతల్లోకి) దిగి పోనే పోలేదు. కాశ్మీరు బ్యాట్ మెడ దగ్గర ఇప్పటికీ బొట్టు పెట్టినట్టు ఎర్రగా ఉంటుంది. ఇంగ్లీష్ బ్యాట్‌కి బడి సుద్దముక్క వాడాం. 23 సార్లు నెట్టి తీశాను. చివరిసారి పిడి కూర్చున్నాక, బ్యాట్ మొత్తాన్ని పిడితో పట్టుకుని ఎత్తినా ఊడలేదు, జిగురు లేకుండానే.

సుద్ద పూర్తిగా దులిపి, గోడలను ఉలితో ఒక్కసారి తుడిచినట్టు గీసి, అప్పుడు ఫెవికాల్ రాశాను. క్లాంపు బిగించి రెండు రోజులు ముట్టుకోలేదు. ఇంగ్లీష్ బ్యాట్ బరువు 1,655.

కాశ్మీరు బ్యాట్‌కి గాడిని 4 మి.మీ. లోతు పెంచి మూడో పిడి పెట్టాను (₹450). ఆచారి గారు డబ్బు వద్దన్నారు. రెండు రోజుల కూలి 1,600 బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇప్పటిదాకా: ₹14,850. 23 గంటలు.

దశ 4: కాశ్మీరు బ్యాట్ చెక్కడం

రెండు పిడుల కత్తిని మన వైపు లాగుతూ చెక్కాలి. నరం మన వైపు దిగుతుంటే పెచ్చులు సాఫీగా లేస్తాయి. ఎదురు నరంలో లాగితే కత్తి లోపలికి దూసుకుపోయి పేడు లేస్తుంది. టో దగ్గర నాకు అలా 6 మి.మీ. లోతు పేడు లేచింది. వెన్ను మందం మధ్య నుంచి రెండు వైపులకూ తగ్గుతుంది కాబట్టి, మధ్యలోంచి కొసలవైపే చెక్కాలని అప్పుడు బోధపడింది. అంటే సగం పనయ్యాక బ్యాట్‌ను అటు తిప్పుకోవాలి.

షాపు బ్యాట్ల మీద మోజుతో అంచు 39 మి.మీ. ఉంచాను. ఫోటోలో గొప్పగా ఉంది. పిడి గుండ్రం చేసి, అంతా సాపు చేశాక బరువు 1,366, టో బరువు 686. బావమరిది ఒకసారి ఎత్తి, "బావా, ఇది భీముడి గద" అని దించేశాడు.

తగ్గించడం మొదలుపెట్టాను. వెన్నుకూ అంచుకూ మధ్య లోతుగా గీరితే, రెండు కొలతలూ మారకుండా బరువు తగ్గుతుంది. గీరడం తేలికైన చోటు భుజాల దగ్గర, అంటే బ్లేడు పిడిని కలిసేచోట. అక్కడే గీరాను. 70 గ్రాములు పోయాయి, 1,296 అయింది. టో బరువు మాత్రం 668. డెబ్బై గ్రాములు తీస్తే తగ్గింది పద్దెనిమిదే!

కాగితం మీద లెక్క వేస్తే సంగతి తేలిపోయింది. నా పెన్సిల్ నుంచి టోకి దూరం 69.5 సెం.మీ. టో నుంచి 5 సెం.మీ. దగ్గర 10 గ్రాములు తీస్తే, అది పెన్సిల్‌కి 64.5 సెం.మీ. దూరం. టో బరువు 9.3 గ్రాములు తగ్గుతుంది. 24 సెం.మీ. దగ్గర అదే 10 తీస్తే 6.5. భుజం దగ్గర, అంటే టో నుంచి 52 సెం.మీ. దగ్గర తీస్తే 2.5. నేను చేసిందేమిటంటే చేతులకు దగ్గరున్న చెక్కను తీసేసి, దూరంగా ఉన్నదాన్ని అలాగే మిగిల్చాను. బ్యాట్ తేలికైంది, ఊపితే మాత్రం బరువు అంతే.

పిడి మీద రెండో గ్రిప్ వేస్తే బ్యాట్ తేలికగా అనిపిస్తుందని ఆటగాళ్లు అంటుంటారు. నేను నవ్వేవాణ్ణి. 48 గ్రాముల గ్రిప్ వేసి చూస్తే టో బరువు ఒక్క గ్రాము కూడా మారలేదు, ఎందుకంటే గ్రిప్ నడిమి భాగం సరిగ్గా పెన్సిల్ మీద పడుతుంది. మొత్తం బరువు పెరిగినా తూకం మధ్య చేతులవైపు జరుగుతుంది. నవ్వడం మానేశాను.

ఇప్పటిదాకా: ₹15,090 (ఉప్పు కాగితాలు 240). 35 గంటలు.

దశ 5: ఇంగ్లీష్ బ్యాట్ చెక్కడం

ఈసారి మార్చినవి మూడు. అట్టతో ప్రతి 10 సెం.మీ.కి ఒక మూస కోసుకున్నాను. అంచు 37 దాటనివ్వలేదు. ఒక్కో విడత చెక్కాక బరువు, టో బరువు రెండూ రాశాను.

- పిడి గుండ్రం చేసి, మోటు ఆకారం వచ్చాక: 1,300 / 690
- టో వైపు ముందుగా తగ్గించాక: 1,196 / 628
- వెన్ను రెండు పక్కలా లోతు చేశాక: 1,122 / 588
- 80, 120, 240, 400 నంబరు కాగితాలు అయ్యాక: 1,085 / 570

సాపు చేయడంలోనే 37 గ్రాములు పోయాయి. ఇది ముందే లెక్కలో పెట్టుకోకపోతే చివరికి బ్యాట్ పలచనైపోతుంది. నేను 20 పోతుందనుకున్నాను.

చివరి మందాలు మి.మీ.లో, టో నుంచి దూరం వారీగా, వెన్ను తర్వాత అంచు: 5 సెం.మీ. దగ్గర 34, 22. 15 దగ్గర 52, 33. 24 దగ్గర 60, 37. 35 దగ్గర 51, 31. 45 దగ్గర 37, 22. ప్లైవుడ్ గాడిలోంచి ఎక్కడా తగలకుండా దూరింది.

పిడి కింది సగాన్ని కోలగా, పై సగాన్ని గుండ్రంగా ఉంచాను. బావమరిది కింది చెయ్యి బిగించి పడతాడు. పూర్తి గుండ్రమైతే చేతిలో తిరుగుతుందని అతనే అడిగాడు.

ఇప్పటిదాకా: ₹15,090. 48 గంటలు.

దశ 6: దారం, నూనె, గ్రిప్

పిడికి దారం ఒక్కడే చుట్టలేడు. బావమరిది బ్యాట్ తిప్పుతుంటే నేను దారం బిగపట్టాను. మొదటిసారి చుట్టింది సాయంత్రానికి వదులై జారింది. రెండోసారి పిడికి పలచగా జిగురు రాసి, చుట్టు పక్కన చుట్టు ఆనుకునేలా వేశాం. 14 గ్రాములు.

అవిసె నూనెలో పచ్చిదే కొనాలి. ఉడికించింది అని అమ్మేది ముఖం మీద పెళుసు పొరలా గట్టిపడుతుంది. కాశ్మీరు బ్యాట్‌కి నూనె దండిగా రాసి గోడకు నిలబెట్టాను. నూనె అంతా టోలోకి దిగి నల్లబడింది, 16 గ్రాములు పెరిగింది, అదీ అన్నిటికన్నా పెరగకూడని చోట. ఇంగ్లీష్‌కి గుడ్డతో మూడు పలచటి పూతలు, రోజుకొకటి, బ్యాట్‌ను పడుకోబెట్టి. అతుకు మీద రాయలేదు. పెరిగింది 7 గ్రాములు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి పడేయకండి. అవి వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి, తీగ మీద ఆరేసి, తర్వాత పారేయండి.

గ్రిప్ 48 గ్రాములు. మొత్తం 1,154, టో బరువు 574. అనుకున్నదానికి బరువు 4 ఎక్కువ, టో బరువు 6 తక్కువ. టో గార్డు (టోకు అంటించే రక్షణ ముక్క) కొన్నాను గాని అంటించలేదు. అంటిస్తే ఆ ఆరు గ్రాములూ అక్కడే ఖర్చవుతాయి.

ఇప్పటిదాకా: ₹15,740 (నూనె 180, దారం 120, గ్రిప్ 150, టో గార్డు 200). 53 గంటలు. ఈ డబ్బుకు షాపులో చక్కటి ఇంగ్లీష్ విల్లో బ్యాట్ వచ్చేదని మా ఆవిడ ఇప్పటికి రెండుసార్లు చెప్పింది.

దశ 7: సుత్తితో కొట్టడం

ఆడేముందు ముఖాన్ని ఇంకా బిగించడానికి, రోజుకు అరగంట చొప్పున 12 రోజులు, కొయ్య సుత్తితో. మొదట నెమ్మదిగా, పోనుపోను గట్టిగా. అంచుల్ని ఏటవాలుగా తాకించాలి, నేరుగా కొట్టకూడదు. వెన్నునూ టో అడుగునూ అసలు కొట్టకూడదు. మూడో రోజు ఇంటి ఓనరమ్మ మెట్లెక్కి వచ్చి, "ఏమయ్యా, పైన వడ్లు దంచుతున్నారా?" అంది. అప్పట్నించి ఆచారి గారి షెడ్డులో కొట్టాను. అక్కడ ఆ చప్పుడు ఎవరికీ పట్టదు.

మొత్తం: ₹15,740. 59 గంటలు.

నెట్స్ తర్వాత

నాలుగు సెషన్లు, ఒక మ్యాచ్. అతుకు చప్పుడు చేయలేదు. ముఖం మీద బంతి కుట్టు గుర్తులున్నాయి, గుంటలు లేవు. టో నుంచి 18 సెం.మీ. దగ్గర అంచులో 2 సెం.మీ. సన్నటి పగులు వచ్చింది. అక్కడ సుత్తి దెబ్బలు తక్కువ పడ్డాయని నా అనుమానం. ఫెవిక్విక్ దించి ఫైబర్ టేపు చుట్టాను. మ్యాచ్‌లో బావమరిది పుల్ ఆడాడు, డీప్ స్క్వేర్ లెగ్‌లో క్యాచ్ ఇచ్చాడు. ఈసారి లేటవలేదు, తొందరపడ్డాడు.

కాశ్మీరు బ్యాట్ ఆచారి గారి మనవడి దగ్గరుంది, టెన్నిస్ బంతికి ఆడుతున్నాడు. ఆఫీసులో ఒకతను తనకీ ఒకటి చేసిపెట్టమని క్లెఫ్ట్ తెప్పించి ఇచ్చాడు. 1,940 గ్రాములు, ఎనిమిది గీతలు, తేమ 12 శాతం. మంచం కింద ఉంది, రెండు కొసల మైనం అలాగే.